ఒంటి చెవికి జత ఎందుకు

మా నాన్న తన జన్మలో తిప్పి చూడకుండా తీసుకున్న సరుకు ఒక్కటే. మా బావ.

తణుకులో మాది ఇత్తడి, కంచు సామాన్ల కొట్టు. బిందె కొనడానికి వచ్చినవాళ్లు సొట్టలున్నాయేమోనని కళ్లతో వెతుకుతారు. నాన్న సరుకు దించుకునేటప్పుడు ప్రతి బిందెనీ వేలి కణుపుతో కొట్టి వినేవాడు. కంటికి ఆనని బీట కూడా ఆయనకు మోతలో దొరికిపోయేది. అలాంటి మనిషి మా అక్క పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు పక్కనే కూర్చుని, కాఫీ తాగి, ఉద్యోగం గురించీ ఊరి గురించీ మాట్లాడి, మెచ్చుకుని లేచి వచ్చాడు. మా బావ ఆ రోజు సోఫాలో ఎడమ చివర, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెవి మావాళ్ల వైపు, ఎడమ చెవి గోడ వైపు. ఆ ఎడమ చెవి చిన్నప్పుడే గవదబిళ్లలతో పోయిందని మాకు పెళ్లయ్యాక తెలిసింది.

ఇంట్లో ఎవరూ దాన్ని మోసం అనలేదు. వ్యాపారం చేసేవాళ్లు అంత పెద్ద మాట వాడరు. "మనం చూసుకోలేదు" అన్నాడు నాన్న, అంతే. లోపల మాత్రం ఆయనకు అల్లుడి మీద ఒక రకమైన గౌరవం కలిగిందని నా అనుమానం. బీటవారిన బిందెని బీట కనపడకుండా గోడవైపు తిప్పి అమ్మడం మా కొట్లోనూ జరగని పని కాదు. మిగతా చుట్టాలకి అంత పెద్దమనసు లేదు. మావైపు వాళ్లందరికీ ఆయన ఒంటి చెవి బావ, ఒంటి చెవి అల్లుడు, ఒంటి చెవి మావయ్య. ఆయన ఎదుటే అనేవాళ్లం. ఎడమ పక్కన నిలబడి అనేవాళ్లం.

ఇప్పుడు ఆయన లండన్ అంచున స్టాన్‌మోర్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. నేను లీసెస్టర్‌లో ఉంటాను. ఒక గోడౌన్ల కంపెనీకి లారీ టైర్ల దగ్గర్నుంచి టాయిలెట్ పేపర్ దాకా బేరమాడి కొనిపెట్టడం నా పని. దానికి వాళ్లు పెట్టిన హోదా పేరు కార్డు మీద రెండు వరసలు పడుతుంది. నాన్న అయితే గుమాస్తా అని ఒక్క మాటలో తేల్చేస్తాడు.

వేట నా జీవితంలోకి ఉచితంగా వచ్చింది. ఉచితంగా వచ్చినదాన్ని నేను కాదనలేను. టైర్లు అమ్మే ఆసామి ఒకరోజు నన్ను మట్టి పళ్లేలు గాల్లోకి విసిరి కాల్చే చోటికి తీసుకెళ్లాడు. నాకు గురి బాగానే కుదిరింది. ఆ తర్వాత లైసెన్సు, పోలీసులు ఇంటికొచ్చి తుపాకీ దాచే ఇనుప బీరువా చూసుకెళ్లడం, అన్నీ అయ్యాయి. మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. చంపినదాన్ని నేను తినను. దుకాణదారు కొడుకుని, అమ్మే సరుకు నేనెందుకు వాడతాను?

లీసెస్టర్ దాటాక పొలాల మధ్య ఒక షూట్ ఉంది. కొంతమంది రైతులూ రిటైరైనవాళ్లూ కలిసి సిండికేట్ కట్టుకుని, అడవి అంచున ఫెజెంట్లని పెంచి, చలికాలం శనివారాలు కాల్చుకుంటారు. పొడుగు తోక అడవికోడి అనుకోండి. పిల్లలప్పుడు దడిలో పెట్టి, గోధుమలు చల్లి, నక్క రాకుండా కాపలా కాసి, బాగా బలిశాక కర్రలతో పొదలు కొట్టి భయపెట్టి లేపుతారు. తలమీదుగా ఎగిరేటప్పుడు కింద వరసగా నిలబడ్డవాళ్లు కాలుస్తారు. పొదలు కొట్టేవాళ్లు బీటర్లు. ఒక్కో విడతని డ్రైవ్ అంటారు, రోజుకి నాలుగైదు డ్రైవులు. ఆ వరసలో ఒక స్థలం ఖాళీ అయిందని తెలిసి అడిగాను. ధర విని లేచి వచ్చేయబోతుంటే కెప్టెన్, రిటైరైన పశువుల డాక్టరు, "సగం తీసుకోవచ్చు కదా" అన్నాడు. ఒకే స్థలాన్ని ఇద్దరు పంచుకుంటారట. ఒక డ్రైవ్ ఒకరు కాలుస్తారు, రెండోవాడు వెనక నిలబడతాడు. తర్వాతి డ్రైవ్‌కి మార్పు.

సగం అనే మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో సగం ఎవరికి అంటగట్టాలా అని ఆలోచించక్కర్లేకపోయింది. నాకున్నది తనకు లేకపోతే మా బావకి నిద్ర పట్టదు. ఆయనకీ లైసెన్సుంది. నేను తెచ్చుకున్నానని తెలిసిన నెలలోనే అప్లికేషన్ పెట్టాడు.

చిక్కు ఏమిటంటే బావది ఎడంచేతివాటం. తుపాకీ ఎడమ భుజానికి ఆనించి కాలుస్తాడు. అలా కాల్చేవాడికి కుడి చెవి గొట్టం వైపు తిరిగి ఉంటుంది, ఎడమ చెవి తల చాటుకి పోతుంది. కుడిచేతివాడికి దీనికి తిరగబడి ఉంటుంది. అంటే మోత మొత్తం వచ్చి పడేది ఆయనకు మిగిలిన ఆ ఒక్క చెవి మీద. దేవుడికి కూడా కొన్నిసార్లు మా చుట్టాల బుద్ధే పుడుతుంది.

అక్క ఫోన్ చేసింది. "ఏరా, ఆయన్ని వేటకి లాగావంట?"

"లాగలేదక్కా. సగం కొన్నాడు."

"ఆయనకున్నది ఒక్కటే. అది కూడా పోగొట్టుకుని వచ్చాడంటే నా గుమ్మం ఎక్కనివ్వను. ఇద్దరూ మీ ఇంట్లోనే ఉండండి, సైగలు చేసుకుంటూ."

"చెవులకి పెట్టుకునేవి కొంటున్నాం. ఎలక్ట్రానిక్‌వి. మంచివి."

"మంచివంటే నువ్వు బేరమాడనివి. అలాంటివి కొను" అని పెట్టేసింది.

శనివారం పొద్దున్నే, షాపు తలుపు తీసేసరికి ఇద్దరం గుమ్మంలో ఉన్నాం. మొదటి కొనుగోలుదారుణ్ణి వట్టి చేతుల్తో పంపకూడదన్న భయం ఏ దుకాణదారుకైనా ఉంటుందని నేను నమ్మి పెరిగినవాణ్ణి. బోణీ బేరం కోసం అంత దూరం చీకట్లో కారు నడిపాను. కౌంటర్ వెనక అరవై దాటిన ఒక మేడమ్ ఉంది, వేట కుక్కలా సన్నటి మనిషి. "మీకు మేమే మొదటి గిరాకీ కదా" అన్నాను ఆశగా. "అవును, ఇంకా హీటర్ కూడా వేయలేదు, కాస్త ఆగండి" అంది. ఆవిడకి బోణీ పట్టింపు లేదు. నా అస్త్రాల్లో సగం అక్కడే తుప్పు పట్టాయి.

ఆవిడ ముందు హెడ్‌ఫోన్లలాంటి పెద్ద డిప్పలు తీసింది. లోపల మైకులుంటాయి. చిన్న చప్పుళ్లని పెంచి వినిపిస్తాయి, తుపాకీ పేలగానే ఆ మోతని కోసేస్తాయి. పక్కవాడి మాట వినపడుతుంది, చెవీ దక్కుతుంది. బావ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు.

"హౌన్స్‌లోలో మావాడొకడున్నాడు, హీత్రూ ఎయిర్‌పోర్టులో విమానాల పక్కన సామాను బండ్లు తోలతాడు. అచ్చం వాడిలా ఉన్నాను."

"వాడికి రెండు చెవులూ పనిచేస్తాయి కదా బావా, అందుకే పెట్టుకుంటాడు."

"నోర్ముయ్."

ఆవిడ ఒక తుపాకీ ఇచ్చి భుజానికి ఆనించమంది. చెక్క వెళ్లి డిప్పకి తగిలింది. డిప్ప కాస్త లేచింది. "సన్నవి కూడా ఉన్నాయి" అంటూ ఇంకోటి తీయబోయింది. బావ అప్పటికే అద్దాల బల్లలో ఉన్న చిన్న బిరడాలవైపు చూస్తున్నాడు. చెవిలోకి దూర్చుకునే జత, చిక్కుడు గింజంత. పెట్టుకున్నట్టు ఎదుటివాడికి తెలియదు. ఆసుపత్రివాళ్లు ఎప్పుడో ఉచితంగా ఇస్తామన్న చెవిటి మిషన్ని ఆయన వద్దన్నది కూడా ఎదుటివాడికి తెలుస్తుందనే.

కుడి చెవిలో ఒకటి పెట్టుకుని మీట నొక్కాడు. షాపు వెనక గదిలో ఎవరో కాగితం చింపారు, ఆయన తల తిప్పాడు. బయట వాన మొదలైంది. నాకు వినపడలేదు, ఆయన చెప్పాడు.

"మీ అందరికీ ఇంత వినపడుతుందేంట్రా?"

"మాకు దీనికి రెట్టింపు వినపడుతుంది. రెండున్నాయి కదా."

ఆ బిరడానే చేత్తో తడుముకుంటూ నిలబడ్డాడు. కొనేవాడి మొహంలో ఆ చూపు కనపడితే బేరం పోయినట్టే. అందుకే ఆయన కాలు తొక్కి నేను ముందుకొచ్చాను.

అది అద్దాల బల్లలో చూపించడానికి పెట్టిన జత. పెట్టెలో ఉండాల్సిన రబ్బరు తొడుగుల్లో పెద్ద సైజువి లేవు, ఎవరో పోగొట్టారు. నాకు అంతకంటే ఏం కావాలి? తొడుగులు లేవు, పెట్టె చిరిగింది, ఎందరి చెవుల్లోనో పెట్టి తీసిన సరుకు, మావాడు మళ్లీ వస్తాడు, స్నేహితుల్ని తెస్తాడు అని మొదలుపెట్టాను. ఆవిడ ఒక మెట్టు దిగింది, ఆగిపోయింది. చివరికి బేరాన్ని తెంచింది బావే.

"నాకు జత ఎందుకు?" అన్నాడు తెలుగులో. "ఉన్నది ఒక్క చెవి. కుడిది నేను పెట్టుకుంటా. నీకు మోత తగిలేది ఎడమ చెవికి కదా? ఎడందాన్ని నువ్వు పెట్టుకో. నీ రెండో చెవిలో ఆ స్పాంజి ముక్కేదో కుక్కుకో. ఒక జత, ఇద్దరికీ సరి."

పుట్టి బుద్ధెరిగాక నేను విన్న లెక్కల్లో అంత అందమైనది లేదు. తణుకు బజారంతా కలిసి కూర్చున్నా తట్టదు. పెళ్లిచూపుల నాడు మా నాన్న ఎవరి చేతిలో ఓడిపోయాడో నాకు ఆ క్షణం పూర్తిగా అర్థమైంది.

మేడమ్‌కి ఇంగ్లీషులో చెప్పాం. ఆవిడ కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. "ఇద్దరికీ చెరో జత కావాలి. వెనక నిలబడ్డవాడికి కూడా మోతే."

"అమ్మేవాళ్లు అలాగే అంటారు" అన్నాను నవ్వుతూ.

"ఇంకోటి. ఆ తొడుగు చెవిలో బిగుతుగా కూర్చోవాలి. పట్టులేకపోతే చప్పుళ్లన్నీ బాగానే వినపడతాయి, కానీ చెవికి కాపలా ఉండదు. ఏదైనా మాట్లాడి చూడండి. మీ గొంతు మీ తలలోనే మోగాలి."

నేను ఎడమ చెవిలో పెట్టుకుని మాట్లాడాను. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు మోగింది. బావ కూడా మాట్లాడి చూశాడు. "ఎలా ఉంది?" అని అడిగిందావిడ.

"చాలా బాగా వినపడుతోంది."

"నేనడిగింది అది కాదు."

"చాలా బాగుంది" అన్నాడు బావ ఇంకా గట్టిగా.

ఆవిడ భుజాలెగరేసింది. "మీ ఇష్టం."

ఆ మాట కౌంటర్‌కి ఏ పక్కనుంచి వచ్చినా అర్థం ఒకటే: సరుకు నీది, ఇక నన్నడగొద్దు. డబ్బిచ్చాక నేను కొసరు అడిగాను. కొసరు అంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. కొన్నదానిమీద ఊరికే వేసే పిడికెడు, మర్యాద కోసం. ఆవిడ పిడికెడు పసుపు స్పాంజి బిరడాలు నా దోసిట్లో పోసింది, పావురాలకి గింజలు వేసినట్టు.

మొదటి షూట్ రోజు పొలం బురద బురదగా ఉంది. వరసలో మాది చివరినుంచి రెండోది. మాకు కుడి పక్కన ఒక బార్లీ రైతు, ఎర్ర మొహం, కొత్తవాళ్లని చూస్తే ఒళ్లు మండే మనిషి. మర్యాదకి లోటు చేయడు గానీ మర్యాదతోనే గీరుతాడు.

"ఇద్దరికీ కలిపి ఒక తుపాకీనా?" అన్నాడు.

"చెవులు కూడా కలిపే" అన్నాను. వాడు జోకనుకుని నవ్వాడు.

మొదటి డ్రైవ్ బావది. అడవిలో బీటర్ల కర్రల చప్పుడు మాకెవరికీ అందకముందే ఆయనకు అందింది. "లేస్తున్నాయి, లేస్తున్నాయి" అని గుసగుసలాడాడు.

"ఎటునుంచి బావా?"

"అది చెప్పదిది."

ఒంటి చెవికి దిక్కు తెలియదు. ఎంత ఖరీదైన బిరడా పెట్టినా తెలియదు. ఆ రోజు నాకూ అదే గతి. ఒక చెవిలో మైకు, రెండో చెవిలో స్పాంజి, లోకమంతా నా ఎడమ పక్కకి వచ్చి చేరింది. బావ మాత్రం తల అటూ ఇటూ ఆడిస్తూ ఆకాశమంతా వెతుక్కుని, దొరికినదాన్ని దొరికినట్టు కాల్చాడు. ఒకటి తిన్నగా రాయిలా పడింది. ఇంకోటి రెక్క విరిగి కంచె పక్కన పడి గిరగిరా తిరిగింది. ఆయన నా వైపు తిరిగాడు, మొహం వెలిగిపోతోంది.

"గొంతులో గరగరమంటోంది, నీకు వినపడుతోందా? ప్రతి ఊపిరీ వినపడుతోందిరా నాకు!"

కొత్త టీవీ కొన్నవాడు రంగులు చూడమని పిలిచినట్టు పిలిచాడు. కుక్క వచ్చి దాన్ని కరుచుకుపోయింది. ఒక ముసలాయన దాని మెడ మెలిపెట్టేశాడు. బావ ఆ చప్పుడు కూడా విని, "భలే" అన్నాడు.

డ్రైవ్ అయ్యాక ఆయన చెవిలో వేలుపెట్టి మీట నొక్కుకోవడం చూశాను. "ఛార్జింగ్ దిగుతోందిరా, శబ్దం కాస్త పెంచాను."

రెండోది నాది. ఆయన నా వెనక, మూరెడు దూరంలో నిలబడ్డాడు. పక్షి కుడివైపునుంచి వస్తే నేను ఎడమవైపు చూస్తూ నిలబడ్డాను. అది నా నెత్తిమీదుగా తీరిగ్గా దాటిపోయింది. బార్లీ రైతు టోపీ తీసి దానికి దండం పెట్టాడు. బావ విరగబడి నవ్వాడు. తర్వాతివాటికి వరసపెట్టి కాల్చాను, పగబట్టినట్టు. ఒక్కోటి పేలినప్పుడల్లా వెనక ఆయన మెడ ముడుచుకోవడం కంటి చివర కనపడుతూనే ఉంది.

మూడోది ఆయన, నాలుగోది నేను. ఆఖరి డ్రైవ్‌కి నడుస్తుంటే ఆయన ఇంకా మీట నొక్కుతూనే ఉన్నాడు.

"దిగిపోయిందిరా ఇది. బాగా మందగించింది. చూపించడానికి పెట్టిన సరుకు, అంతే."

"ఇలా ఇవ్వండి." తీసి నా చెవిలో పెట్టుకున్నాను. అవతలి పొలంలో గొర్రె గడ్డి కొరకడం నా తలలో వినపడుతోంది. శబ్దం చివరిదాకా పెంచి ఉంది. పచ్చ లైటు నిండుగా వెలుగుతోంది. తిరిగి ఆయన చెవిలో నేనే పెట్టాను. అది లోపల వదులుగా అటూ ఇటూ ఆడింది, పెద్ద సీసాకి చిన్న బిరడా పెట్టినట్టు. వేలితో కదిపితే కదిలింది. పొద్దుట్నుంచీ ప్రతి పేలుడూ దాని పక్కనుంచే లోపలికి నడిచి వెళ్లింది.

"బావా, ఇది బాగానే ఉంది" అన్నాను ఆయనకు వినపడేంత గట్టిగా. "పోతున్నది మీ చెవి. ఈ డ్రైవ్ కాల్చకండి."

ఆయన ఆగి నన్ను చూశాడు. మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అమ్మేవాడి అసలు ధర తెలిసిపోయినప్పుడు కొనేవాడు నవ్వేది.

"ఎంతకి?"

"ఏంటి ఎంతకి?"

"ఆఖరి డ్రైవ్ మీద కన్నేశావు. ఎత్తుమీదనుంచి వస్తాయి, అందరికీ ఇదే కావాలి, ఆ పశువుల డాక్టరు పొద్దున్నే చెప్పాడు. కావాలంటే కావాలని అడుగు. నా చెవి మీద దొంగ ప్రేమ ఎందుకు?"

"నిజం చెబుతున్నాను బావా. ఒట్టు."

"నీ ఒట్టు రేటెంత?"

ఆ చోట ఇంకెవరైనా అయితే ఆయన చెయ్యి పట్టుకునేవాడేమో. నాకు చిన్నప్పట్నుంచి నోరు ఒక్క దారినే నడవడం అలవాటు. ఎదుటివాడు ధర అడిగితే ధర చెబుతుంది.

"వచ్చే శనివారం మొదటి రెండూ మీవే."

బావ చప్పట్లు కొట్టాడు. "చూశావా! చెవి పోతోందన్నవాడివి, బేరానికి ఎంత తొందరగా దిగావో. మూడు."

"రెండు. పైన ఇవాళ మనకిచ్చే పక్షులు రెండూ మీరే పట్టుకెళ్లండి."

"అబ్బో. అంత ఇస్తున్నావంటే ఈ డ్రైవ్‌లో చాలానే ఉందన్నమాట. ఇవ్వను పో."

"బావా, మూడు. నాలుగు. సీజనంతా మీరే కాల్చుకోండి, నేను వెనక నిలబడతాను."

అది విని ఆయనకు మిగిలిన కాస్త అనుమానం కూడా పోయింది. మా కుటుంబంలో ఎవడూ అంత ఇవ్వడు. ఇస్తే వెనక ఇంకేదో ఉన్నట్టు. డ్రైవ్ మొదలని ఈల మోగింది. నేను జేబులోంచి పసుపు స్పాంజి బిరడా తీసి చాపాను. "పోనీ ఇదన్నా పెట్టుకోండి."

"అది పెట్టుకుంటే వినపడదు కదరా" అని తన స్థానానికి వెళ్లిపోయాడు.

అబద్ధం ఎందుకు, ఆ డ్రైవ్‌లో ఆయన కాల్చినట్టు ఆ రోజు వరసలో ఎవరూ కాల్చలేదు. పక్షులు ఎత్తుగా, గాలికి వాలుగా వచ్చాయి. ఒకటి, దాని వెనకే ఇంకోటి, మూడోది కొండ అంచు దాటుతుండగా. బార్లీ రైతు తన తుపాకీ దించేసి చూస్తూ నిలబడ్డాడు. నేను రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని వెనక నిలబడి లెక్కపెట్టాను, పక్షుల్ని కాదు.

బూర ఊదారు. బూర మోగిందంటే ఎవరూ కాల్చకూడదు, బీటర్లు అడవి అంచుకి వచ్చేసి ఉంటారు. వరసంతా తుపాకీలు మడిచి తూటాలు తీసేశారు. బావ ఒక్కడూ ఎదురుచూస్తున్నాడు. ఆలస్యంగా లేచిన పెట్ట ఒకటి తక్కువ ఎత్తులో వస్తుంటే తుపాకీ భుజానికెత్తాడు. నేను వెనకనుంచి గొట్టం పట్టుకుని పైకి తోశాను. తిరిగి చూసి నోరు తెరిచాడు, నన్ను తిట్టడానికి. తన తిట్టు తనకే సరిగ్గా వినపడలేదనుకుంటాను, సగంలో ఆపేశాడు.

కెప్టెన్ బురదలో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. "బూర అయిపోయిందండీ" అన్నాడు చాలా మర్యాదగా. బావ తలూపి నవ్వాడు. "రెండోసారి ఇలా జరగకూడదు" అన్నాడు కెప్టెన్. బావ ఇంకా బాగా నవ్వాడు.

సాయంత్రం గడ్డి కొట్టంలో టీ, మాంసం రొట్టెలు. బార్లీ రైతు బావ ఎదురుగా కూర్చుని గురిని పొగిడాడు. బావ నవ్వాడు. వాడికి ఏదో తట్టి గొంతు తగ్గించాడు. అదే నవ్వు మొహంతో, మీ షాపులో కూరలు కుళ్లిపోకుండా ఉండటానికి ఏం కొడతారు అని అడిగాడు. మనవాళ్లంటే షాపువాళ్లేనని వాళ్ల లెక్క; మా బావకి షాపు లేదు. ఆయన పక్కవాళ్ల మొహాలు చూసి, వాళ్లు నవ్వాక, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వాడు. వాడికి ఆట దొరికింది. ఇంకోటి అన్నాడు, ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త మురిగ్గా. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. సీజనుకి ముందే కట్టేశాం, తిరిగి ఇవ్వరు.

కారులో బావ హీటర్ ఆపమన్నాడు, ఈల వేస్తోందని. ఆపాను. ఇంకా వేస్తోందన్నాడు. ఇంజన్ అనుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం. మా ఇంటిముందు ఇంజన్ కూడా ఆపాక ఇక ఒప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బావ వాళ్లింటికి వెళ్లే ధైర్యం లేక మా ఇంట్లోనే ఉండిపోతే, అక్క ఆ వారం వచ్చింది. ఆయన వెనక నిలబడి "ఏవండీ" అంది. పెంచి అంది. తర్వాత అరిచింది. మా పక్కింటివాళ్ల కుక్క మొరిగింది గానీ ఆయన కదల్లేదు. అక్క నావైపు తిరిగింది.

"ఎంత తగ్గించావురా?"

"ఏంటక్కా?"

"బేరంలో. ఎంత తగ్గించి కొన్నావు?"

చెప్పాను.

"ఆయన దానికి కూడా విలువ చేయడని నేనెప్పుడూ అంటూనే ఉన్నాను" అంది. అని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. చాలాసేపు కట్టేయలేదు.

డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లమంటే బావ వినలేదు. రేపటికి తగ్గుతుంది, ఎల్లుండికి తగ్గుతుంది. వ్యాధితో కూడా గడువు బేరమే. పైగా అక్కతో అన్నాడట: "వాడికి ఆఖరి డ్రైవ్ కావాలని భయపెట్టాడు, ఆ భయానికి చెవి బిగుసుకుంది, అదే వదులుతుంది." చివరికి జీపీ, అంటే మా పేట డాక్టరు, రాసిచ్చిన మాత్రలు మింగుతూ కూడా నన్ను అనుమానంగానే చూశాడు. ఇవి వెంటనే వేసుకుని ఉంటే బాగుండేదని జీపీ నాతో అంది. నేను దాన్ని తెలుగులోకి మార్చలేదు.

చెవి పరీక్షకి ఆయన అక్కని రానివ్వలేదు, నన్ను తీసుకెళ్లాడు. వరండాలో కూర్చున్నప్పుడు నా చెయ్యి గోకి, తనకు తెలియనంత పెద్ద గొంతుతో చెప్పాడు: "వాళ్లు ముందు ఎక్కువే చెబుతారు, ఇంత పోయిందీ అంత పోయిందీ అని. మనం తగ్గించాలి." బెంచీల మీదున్న వాళ్లంతా మమ్మల్ని చూశారు.

ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టారు. చెవులకి డిప్పలు తగిలించారు, చేతికి మీట ఇచ్చారు. సన్నటి కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. అది రాసిన కాగితం చూపించారు. ఆయన తలూపాడు. పరీక్ష చేసే అమ్మాయి బయట మిషన్ ముందు కూర్చుంది, నేను ఆమె వెనక కుర్చీలో. అద్దంలోంచి బావ మొహం కనపడుతోంది. అమ్మేవాడి చేతులు చూస్తూ లెక్క కట్టే మొహం.

ఆయన ఒకసారి నొక్కాడు. కాసేపు ఆగి ఇంకోసారి. తర్వాత వెంటవెంటనే రెండు. ఒకచోట నొక్కబోయి ఆగి, అబ్బే ఇది కాదులే అన్నట్టు తలాడించాడు. ఎంత బాగా చేశాడంటే, తెలియనివాడు చూస్తే పందెం కాస్తాడు. కూర్చున్న తీరులో దర్జా కూడా వచ్చింది. మళ్లీ నొక్కాడు.

అమ్మాయి కుర్చీ తిప్పి నావైపు చూసి, గొంతు తగ్గించి అంది. "నేనింకా మొదలుపెట్టలేదు."

అద్దం అవతల ఆమె పెదవులు కదలడం చూసి, బావ గట్టిగా ఇంకోసారి నొక్కాడు.